పొయ్యికి కాని పిడకలు

పోయిన వారం మనం హేమలతను ఎమ్మిగనూరులో నరహరి సార్ ఇంటి పెరట్లో నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఎదురుగా గోడ, గోడ నిండా పిడకలు. గోడ చాలక నీళ్ళ తొట్టి పక్కన పరిచిన బండల మీద, బండలు చాలక చివరి గది గుమ్మం దాకా పిడకలే. కొన్ని ఎండినవి, కొన్ని ఆ పొద్దునే తట్టినవి. వాటి మధ్యలో మోచేతుల దాకా పేడతో, అడిగినదానికి జవాబు చెప్పకుండా కూర్చున్న మహాదేవి. అది చూసి హేమలత రెండు పనులు చేసింది. మహాదేవి దగ్గరున్న గది తాళం చెవి తీసుకుని తన సంచిలో వేసుకుంది. మహాదేవి అన్నకు ఫోను చేసి, మీ చెల్లెలికి మళ్ళీ బాగాలేదు, రేపు వచ్చి తీసుకుపొమ్మని చెప్పింది. చెప్పి, తన పని తాను సక్రమంగానే చేశానని అనుకుంది. మనుషులు పెద్ద పొరపాట్లు చేసేటప్పుడు సాధారణంగా ఇలాగే అనుకుంటారు.

అది నిన్నటి మాట. ఈ రోజు అమావాస్య. తెల్లవారితే ఉగాది.

ఆ ఇంటి సంగతి ఒకసారి చెప్పుకోవాలి. ఒకప్పుడు అది నేతగాళ్ళ ఇల్లు. నరహరి సార్ బడిపంతులుగా రిటైరయ్యాక కొని, పైన మేడ వేసుకుని, భార్య ఇందిరాబాయితో పైన ఉంటున్నాడు. కింద వరసగా మూడు గదులు. మూడింటికీ కలిపి ఒకే కొళాయి, ఒకే మరుగుదొడ్డి. ముందు గదిలో శ్రీశైలమ్మ అనే నేతగత్తె, ఆమె మగ్గం. మధ్య గదిలో కాలు సరిగ్గా నడవని మేరి. చివరి గదిలో మహాదేవి. మేరినీ మహాదేవినీ అక్కడ చేర్చింది హేమలతే.

హేమలత ఆదోనిలో ఒక చిన్న సంస్థలో పనిచేస్తుంది. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చాక పోవడానికి చోటు లేని ఆడవాళ్ళకు మామూలు ఇళ్ళలో అద్దె గది వెతికి పెట్టడం ఆమె ఉద్యోగం. వెతికి పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. వారం వారం బస్సెక్కి వచ్చి, మందులు వేసుకుంటున్నారా, కొళాయి దగ్గర ఎవరితోనైనా మాటా మాటా వచ్చిందా, ఇంటి ఓనరు మొహం ఎలా ఉంది అన్నీ చూసుకోవాలి. ఓనర్లు ముందు కులం అడుగుతారు, తర్వాత మొగుడెక్కడ అని అడుగుతారు, ఆ తర్వాత ఏం వండుకుంటుందని అడుగుతారు. వీటన్నిటికీ హేమలత దగ్గర జవాబులున్నాయి. ఏం జబ్బు అని అడిగితే మాత్రం నిజం చెబుతుంది. అక్కడితో నూటికి తొంభై ఇళ్ళ తలుపులు మూసుకుంటాయి.

నరహరి సార్ మూయలేదు. మేరి విషయంలో ఏమీ అడగలేదు కూడా. మహాదేవి పిచ్చాసుపత్రిలో ఉండి వచ్చిందని తెలిసి, రెండు రోజులు ఆలోచించి, ఒక్క షరతు పెట్టాడు. మళ్ళీ తిరగబెడితే మారుమాట లేకుండా గది ఖాళీ చేయాలి. హేమలత సరేనంది. ఆ ఒక్క మాట మీద మహాదేవి ఆ గదిలో ఉంది. ఆ గది పోతే ఇంకో గది లేదు. అన్న మాట్లాడి పెట్టిన ఆశ్రమం ఒకటుంది. గేటుకు బయటి నుంచి తాళం వేసే చోటు. ఆసుపత్రికి ముందు మహాదేవి కొన్నేళ్ళు అక్కడే గడిపింది. ఆ రోజుల గురించి ఎవరు అడిగినా లేచి వెళ్ళి నీళ్ళు పట్టుకుంటుంది.

నిన్న హేమలత తాళం చెవి తీసుకోగానే మేడ మీద కూడా పని జరిగిపోయింది. ఇందిరాబాయికి తెలిసిన బస్సు కండక్టరు కుటుంబం ఒకటి గది కోసం తిరుగుతోంది. ఉగాది మంచి రోజు కదా, రేపు పొద్దున్నే వచ్చి పాలు పొంగించుకొమ్మని ఆమె చెప్పేసింది.

ఇప్పుడు అమావాస్య పొద్దు. నేతవాళ్ళు అమావాస్యనాడు మగ్గం ముట్టరు. రోజూ తెల్లవారింది మొదలు ఆ ఇంట్లో మగ్గం చప్పుడే. ఆ చప్పుడు కింద ఎవరి మాటలూ ఎవరికీ వినబడవు. ఈ రోజు అది లేక ఇల్లంతా మరీ నిశ్శబ్దంగా ఉంది. హేమలత మహాదేవి పక్కన బండ మీద కూర్చుని తన మామూలు ప్రశ్నలు మొదలుపెట్టింది. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, ఎవరూ లేకపోయినా మాటలు వినబడుతున్నాయా, ఎవరి మీదైనా అనుమానంగా ఉందా. మధ్య గదిలో మేరి, ముందు గదిలో శ్రీశైలమ్మ ఆ ప్రశ్నలన్నీ విన్నారు. మహాదేవి ఒక్కదానికీ నోరు విప్పలేదు. ఎండిన పిడకలను గోడ నుంచి ఊడదీసి గంపలో పేరుస్తూ ఉంది. విరిగిన దాన్ని పక్కన పెడుతోంది, గట్టిగా ఉన్నదాన్ని గంపలో వేస్తోంది.

శ్రీశైలమ్మ గడపలో కూర్చుని ఇదంతా చూసి, ఉండబట్టలేక కొన్ని మాటలు అంది. ఈమె పొద్దున లేస్తుంది, మేరికి రెండు బిందెలు నీళ్ళు తెచ్చి పెడుతుంది, తన మగ్గానికి నూలు కండెలు చుట్టి ఇస్తుంది, అన్నం వండుకుంటుంది, తింటుంది. ఇంకేం చేస్తే బాగున్నట్టు అని అడిగింది. హేమలత దగ్గర దానికి జవాబు ఉంది, కానీ అది చదువుకున్న జవాబు. జబ్బు తిరగబెట్టేటప్పుడు ఒకే పని పదే పదే చేస్తారని, వస్తువులు కుప్పలు పోస్తారని, మాట తగ్గిస్తారని. మూడూ ఇక్కడ కళ్ళ ముందు కనబడుతూనే ఉన్నాయి.

మేడ మీద తర్పణాలు ముగించుకుని నరహరి సార్ కిందికి వచ్చాడు. కోపంగా రాలేదు. కోప్పడటం ఆయనకు చేతకాదు, సణగడం వచ్చు. పేడ అంటే ఆయనకు అసహ్యం లేదు. వాళ్ళ ఇంట్లో గోమయం లేకుండా పూజే కాదు. ఆయన బాధల్లా గోడ గురించి. మొన్న దసరాకే ఆ గోడకు సున్నం కొట్టి పైన పసుప్పచ్చ రంగు వేయించాడు. దానికి తోడు అమావాస్య దగ్గర పడేకొద్దీ ఇలాంటి జబ్బులు ముదురుతాయని ఇందిరాబాయి నాలుగు రోజులుగా చెవిలో పోరుతోంది. ఆమె పోరే నిన్న ఆయన చేత హేమలతకు ఫోను చేయించింది. హేమలతదీ మహాదేవిదీ తప్పేమీ లేదని, మాట మాటేనని, తాను కూడా మాట మీద నిలబడే మనిషినేనని ఆయన హేమలతకు చాలాసేపు చెప్పాడు. చెప్తూ చెప్తూ, రంగు ఎంత పాడయిందో చూపించడానికి గోడ మీది పిడక ఒకటి ఊడదీశాడు.

కింద రంగు నిజంగానే పోయింది. కానీ ఆయన గోడ వైపు చూడలేదు. చేతిలో పిడకను అటూ ఇటూ తిప్పాడు. పొయ్యిలో పెట్టే పిడక పళ్ళెమంత ఉంటుంది. ఇది అరచేతిలో ఇమిడిపోయింది. మందంగా, అంచులు గుండ్రంగా ఉంది. ఆయన ఇంకొకటి ఊడదీశాడు. అదీ అంతే. గంపలో ఉన్నవి చూశాడు. అన్నీ అంతే.

“ఈమెది ఏ ఊరన్నావమ్మా?” అని అడిగాడు.

“కైరుప్పల సార్,” అంది హేమలత.

ఆ పేరు తన నోటి నుంచి బయటికి వచ్చాక గానీ హేమలత దాన్ని వినలేదు. మహాదేవి కాగితాల మీద ఆ ఊరి పేరు ఆమే ఎన్నోసార్లు రాసింది. నిన్న అన్నకు ఫోను చేసేటప్పుడు కూడా ఆ పేరే చూసింది.

నరహరి సార్ ఆస్పరి పక్క బళ్ళలో చాలా ఏళ్ళు పనిచేశాడు. ఉగాది సెలవులు అయ్యాక కైరుప్పల పిల్లలు నుదుటి మీద విభూతి, నెత్తికి కట్లతో వచ్చేవాళ్ళని ఆయనకు గుర్తొచ్చింది. ఒక ఏడు ఆయనే చూద్దామని పోయి, దూరంగా మిద్దె మీద నిలబడి, అక్కడికీ ఎగిరి వచ్చిన పిడక తగిలి కళ్ళజోడు పగలగొట్టుకున్నాడు. ఆ కళ్ళజోడు పగలగొట్టిన పిడక సరిగ్గా ఇంతే.

“ఇవి పొయ్యికి కాదమ్మా,” అన్నాడు. “విసరడానికి.”

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఉగాది మరుసటి దినం కైరుప్పలలో ఊరు రెండుగా చీలుతుంది. సగం మంది వీరభద్రస్వామి పక్క, సగం మంది అమ్మవారి పక్క. ఇద్దరి ప్రేమ కథలో ఎక్కడో మాట తేడా వచ్చిందట, అందుకని రెండు పక్కలవాళ్ళూ పిడకలు తీసుకుని ఒకరినొకరు కొట్టుకుంటారు. దెబ్బ తగిలినవాడు విభూతి పూసుకుని నవ్వుకుంటూ మళ్ళీ వస్తాడు. ఆ తర్వాత స్వామికీ అమ్మవారికీ పెళ్ళి చేస్తారు. ఆదోని చుట్టుపక్కల ఇది తెలియని మనిషి లేడు. హేమలత ఆదోనిలో పుట్టి పెరిగింది. ఏటా టీవీలో చూస్తుంది. తెలిసీ ఆమెకు తట్టలేదు. అవే పిడకలు శ్రీశైలమ్మ తట్టి ఉంటే, పండగకా అమ్మా అని అడిగి ఉండేది. తట్టింది మహాదేవి కాబట్టి జబ్బు అనుకుంది. ఈ సంగతి ఇంకొకరు చెప్పకముందే హేమలతకు అర్థమైంది. సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని సిగ్గు.

ఆమె మహాదేవి ముందు గొంతుక్కూర్చుంది. ఈసారి నిద్ర గురించి అడగలేదు.

“మీ ఇంటి మొక్కుబడా ఇది?”

మహాదేవి చేతిలో పిడక గంపలో పెట్టి మొదటిసారి తల ఎత్తింది.

“మా నాయన ఏటా బండెడు పిడకలు ఇస్తాండె. అమ్మవారి పక్కకు. మాయమ్మా నేనూ తడతాంటిమి. నాయన పోయినంక మా యన్న మానేసినాడు.” ఇంకో పిడక అందుకుంది. “ఆశ్రమంలో ఉన్నప్పుడు మొక్కుకుంటి. నాకని ఒక గది దొరికితే ఆ బండి నేనిస్తానని.”

ఏ గది దొరికినందుకు మొక్కు చెల్లించుకుంటోందో, ఆ మొక్కు వల్లే ఆ గది పోతోంది. పోగొడుతున్నది తాను. నిన్న అడిగినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా అని హేమలత నెమ్మదిగా అంది.

“మొక్కు తీరేదాకా బయటికి సెప్పగూడదు. ఇప్పుడు గూడ సార్ కనుక్కున్నాడని సెప్పినా.” మహాదేవి మళ్ళీ గోడ వైపు తిరిగింది. “సెప్పినా ఏముంది మేడమ్. నేను నవ్వినా మందే, ఊరకున్నా మందే.”

అందులో నిష్ఠూరం లేదు. రోజూ తాగే నీళ్ళ గురించి చెప్పినట్టు చెప్పింది.

హేమలత పెరట్లోనే నిలబడి మహాదేవి అన్నకు ఫోను చేసింది. అతని పేరు వీరభద్రప్ప. సొంత ట్రాలీ ఆటో ఉంది, ఆదోని మార్కెట్టుకు పత్తి మూటలు తోలుతాడు. ఆ బండిలోనే బయల్దేరి అప్పటికే ఆదోని దాటేశాడు. తాను పొరబడ్డానని, మహాదేవి బాగానే ఉందని, రావద్దని హేమలత చెప్పింది. అతను అంతా విన్నాడు. ఆశ్రమంవాళ్ళు సాయంత్రానికల్లా తీసుకురమ్మన్నారని, సగం దారి వచ్చాక వెనక్కి తిరిగేది లేదని చెప్పి పెట్టేశాడు. నిన్న అతనికి ఆ ధైర్యం ఇచ్చింది తానే కాబట్టి హేమలతకు కోపం తెచ్చుకునే హక్కు కూడా లేకపోయింది.

బండి వచ్చి వీధిలో ఆగింది. వీరభద్రప్ప చేతిలో అరటిపళ్ళు, పండక్కని చెల్లెలికి కొన్న చీర పట్టుకుని లోపలికి వచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు, మంచి మనిషే కూడా. చెడ్డవాడయితే ఈ కథ నన్ను ఇంత కష్టపెట్టేది కాదు. పెరట్లోకి అడుగుపెట్టి, గోడ చూసి, ఉన్న చోట ఆగిపోయాడు. అతని చేయి దానంతట అది నుదుటి విభూతి దాకా పోయింది. ఆ పిడకలు ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదని హేమలత గమనించింది.

ఆమె తప్పు తనదేనని మళ్ళీ చెప్పింది. నరహరి సార్ ముందు, శ్రీశైలమ్మ ముందు, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న మేరి ముందు చెప్పింది. జబ్బు తిరగబెట్టలేదు, నేనే తప్పుగా చూశాను, ఆశ్రమం అవసరం లేదు అంది. బండి ఎలాగూ తెచ్చారు కాబట్టి పిడకలూ చెల్లెలూ ఊరికి పోయి, మొక్కు తీర్చుకుని రెండు రోజుల్లో తిరిగి వస్తే అందరికీ బాగుంటుందని చెప్పింది. వీరభద్రప్ప అన్నిటికీ తల ఊపాడు, చివరి దానికి మాత్రం ఊపలేదు.

“ఊరికి వద్దు మేడమ్,” అన్నాడు.

పిడకలు తాను తీసుకుపోయి ఇస్తానన్నాడు. చెల్లెలు మాత్రం రాకూడదన్నాడు. ఆశ్రమం వద్దంటే వద్దు, ఈ గదిలోనే ఉండనీ అన్నాడు. ఊరికి మాత్రం వద్దు. శ్రీశైలమ్మ ఊరుకోలేక, తోబుట్టువును పండక్కి ఇంటికి పిలవని అన్న ఎక్కడైనా ఉంటాడా అని నిలదీసింది. అతను నేల మీద గొంతుక్కూర్చున్నాడు. అరటిపళ్ళు పక్కన పెట్టాడు. మగ్గం లేని ఆ నిశ్శబ్దంలో అతను గొంతు తగ్గించి చెప్పినా అందరికీ వినబడింది.

“ఊర్లో అడుగుతాంటిరి. మీ చెల్లెలు యాడుంది, ఎట్లుంది, ఎప్పుడొస్తాది అని. బాయి కాడ అడుగుతారు, గుడి కాడ అడుగుతారు, సంబంధానికి వచ్చినోళ్ళు అడుగుతారు. ఏమని సెప్పల్ల? ఒక దినం సచ్చిపోయింది అని సెప్పినా. ఆ దినం నుంచి ఎవురూ అడగల్యా.”

నరహరి సార్ చేతిలో పిడక ఇంకా అలాగే ఉంది. మేరి సిలువ గుర్తు వేసుకుంది.

వీరభద్రప్ప మిగతాది కూడా చెప్పేశాడు. చచ్చిపోయిందని చెప్పాక దినాలు చేయక తప్పలేదు. ఊరందరినీ పిలిచి అన్నం పెట్టాడు. అందరూ వచ్చి తిని, మంచి పిల్ల అని చెప్పుకుని పోయారు. ఇప్పుడు ఆ పిల్ల బండి దిగి నిలబడితే తాను ఊళ్ళో తల ఎత్తుకుని తిరగలేడు.

అందరూ మహాదేవి వైపు చూశారు. హేమలత అయితే ఆమె కూలబడిపోతుందేమోనని ఒక అడుగు ముందుకు వేసింది కూడా. మహాదేవి కూలబడలేదు. అన్న మొహంలోకి చూస్తూ అడిగింది.

“ఆ పొద్దు ఏం వండిపిచ్చినావన్నా?”

వీరభద్రప్ప బిక్కమొహం వేశాడు. పోయినవాళ్ళకు ఇష్టమైనది వండి పెట్టడం ఆనవాయితీ. అది ఎవరైనా చేస్తారు.

“నీకు ఇష్టమని ఉగ్గాని సేపిచ్చినా. బజ్జీలు గూడ,” అన్నాడు, నేల చూపులు చూస్తూ.

మహాదేవి తల ఊపింది. ఊళ్ళో ఒక్కరైనా తన ఇష్టం గుర్తుపెట్టుకున్నందుకు సంతోషించిందో, అది గుర్తుపెట్టుకున్న తీరుకు దుఃఖపడిందో హేమలతకు అంతుపట్టలేదు. బహుశా రెండూ. ఆమె కళ్ళు మాత్రం నిండాయి. కొంగుతో తుడుచుకుని చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోయింది. మోచేతుల దాకా తీరిగ్గా కడుక్కుంది. తిరిగి వచ్చి హేమలత ముందు చేయి చాపింది.

“మేడమ్, నా బీగంచెవి.”

హేమలత సంచిలోంచి చెవులు తీసింది. రెండు చెవులు ఉంటాయి. ఒకటి మహాదేవిది, ఇంకొకటి ఎప్పుడైనా అవసరం పడితే తెరవడానికి సంస్థ దగ్గర ఉంచుకునేది. గది ఇప్పించిన రోజు నుంచీ ఆ రెండోది హేమలత దగ్గరే ఉంది. అందులో తప్పుందని ఇంతవరకు ఎవరికీ అనిపించలేదు, ఆమెకు కూడా. ఆమె రెండూ మహాదేవి చేతిలో పెట్టింది.

నరహరి సార్‌కు అప్పుడు కండక్టరు కుటుంబం గుర్తొచ్చింది. గొంతు సవరించుకున్నాడు. రేపు పొద్దున పాలు పొంగించడానికి వస్తారని, మాట ఇచ్చేశామని, ఇప్పుడు వాళ్ళకేం చెప్పాలని హేమలతను అడిగాడు.

“మనిషి ఉండే గది అని సెప్పండి సార్,” అంది మహాదేవి.

మాట మీద నిలబడే మనిషికి రెండు మాటలు ఎదురెదురుగా నిలబడితే పెద్ద చిక్కే. తిరగబెడితే ఖాళీ చేయాలన్నది షరతు, తిరగబెట్టలేదు, కాబట్టి గది ఆమెదే అని ఆయన లెక్క తేల్చుకున్నాడు. కానీ మేడ మీద ఇందిరాబాయి ఉంది. రేపటికి వాళ్ళను ఎలాగో ఆపుతానని, ఎల్లుండి సాయంత్రం లోపల మహాదేవి వచ్చి తన గదిలో తాను దీపం పెట్టుకోవాలని, ఆ పొద్దు కూడా దాటితే తన వల్ల కాదని చెప్పాడు. అంతకన్నా ఎక్కువ ఆయన ఇవ్వలేడని హేమలతకు తెలుసు.

మహాదేవి గది తలుపు మూసి తాళం వేసింది. రెండు చెవులూ కొంగు చివర ముడి వేసుకుంది. గంప ఎత్తి నెత్తిన పెట్టుకుని వీధిలోకి పోయి అన్న బండిలో దించింది. వీరభద్రప్ప లేచి అడ్డం పోబోయాడు. చెల్లెలు అతని ముందు ఆగింది.

“సచ్చినదాన్ని ఆశ్రమానికి ఎట్ల తీసకపోతావు? పా, ఊరికే పోదాం,” అంది. “అన్నం తిన్నోళ్ళకు నువ్వే సెప్పుకో.”

అతను పక్కకు జరిగాడు. ఎందుకు జరిగాడో అతనికే తెలియదు. కాసేపటికి అతనే ఒక గంప ఎత్తాడు. శ్రీశైలమ్మకు అమావాస్య కాబట్టి చేతులు ఖాళీ. గోడ మీద మిగిలినవి ఆమె ఊడదీసి ఇచ్చింది. మేరి కుర్చీలోంచే పచ్చివీ ఎండినవీ వేరు చేసింది. నరహరి సార్ గోడ రంగు గురించి ఇంకో రెండు మాటలు సణిగి, మళ్ళీ ఏమనుకున్నాడో, ఒక పాత దుప్పటి తెచ్చి పిడకల మీద కప్పాడు. పసుప్పచ్చ గోడ మీద వరసలు వరసలుగా గుండ్రటి మచ్చలు మిగిలాయి.

మహాదేవి ముందు సీట్లో అన్న పక్కన కూర్చుంది. కొత్త చీర ఒళ్ళో పెట్టుకుంది. హేమలతను ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. ఆమె వెనక ట్రాలీలోకి ఎక్కి గంపల మధ్య కూర్చుంది. ఆ ఊళ్ళో ఏం జరుగుతుందో ఆమెకు తెలియదు. చచ్చిపోయిందనుకున్న మనిషి పండక్కి వస్తే ఊరు ఏం చేస్తుందో ఆమె చదువులో లేదు. భయంగా ఉంది. అయినా దిగాలనిపించలేదు.

బండి ఆదోని రోడ్డు ఎక్కింది. ముందుకూ వెనకకూ మధ్యలో అద్దం లేని చిన్న కిటికీ ఉంది. అందులోంచి హేమలతకు అన్నాచెల్లెళ్ళ భుజాలు కనబడుతున్నాయి. దారి పొడవునా పొలాల్లో పత్తి ఎప్పుడో తీసేశారు, కట్టె మాత్రం మిగిలింది. వీరభద్రప్ప రెండు మూడుసార్లు బండి నెమ్మది చేశాడు, తిప్పుకుందామా అన్నట్టు. తిప్పలేదు.

అప్పుడు అతని ఫోను మోగింది. ఎదర పెట్టుకున్న ఫోను మీద వేలితో నొక్కితే పైకే మాటలు వినబడ్డాయి. మాట్లాడేది గోవిందన్న. కైరుప్పల గుడి దగ్గర ఇంటింటి పిడకలూ కుప్ప వేయించే పెద్దమనిషి. మహాదేవి దినాల్లో మొదటి పంక్తిలో కూర్చుని తిన్నవాడు కూడా. కుప్ప వేయడం మొదలుపెట్టామని, మీ ఇంటివి ఈ ఏడు కూడా లేవు కదా, లేకుంటే లేవని ఒక మాట చెప్తే తాము చూసుకుంటామని అడిగాడు.

బండి రోడ్డు పక్కకు జరిగి దానంతట అది ఆగినట్టు ఆగింది. మహాదేవి చేయి చాపి ఫోను తీసుకుంది.

“మా ఇంటివి వస్తాండాయి గోవిందన్నా. బండి నిండా. అమ్మవారి పక్కకే.”

ఎవరమ్మా మాట్లాడేది అని అటు నుంచి అడిగారు. మహాదేవి కొంగు ముడిని గుప్పిట్లో పట్టుకుంది.

“మహాదేవిని.”

అటు నుంచి ఫోను పెట్టేసిన చప్పుడు రాలేదు. కుప్ప దగ్గర ఎవరో ఎవరినో కేకేసి పిలుస్తున్నారు, గోవిందన్న మాత్రం పలకలేదు.